వాలుకి అడ్డంగా

యూనా పాస్కోని నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ బుల్డోజర్ మీంచి దిగుతూ మేనేజర్ని తిడుతోంది. ఆ తర్వాత నలుగురు మేనేజర్లు మారారు. తిట్టించుకోకుండా ఒక్కడూ పోలేదు.

కార్బీ కొండ క్వారీలో నేను కాటా గదిలో కూర్చునేదాన్ని. లారీ ఖాళీగా వచ్చేటప్పుడొక తూకం, కంకరతో వెళ్ళేటప్పుడొక తూకం. నా కిటికీలోంచి క్వారీ సగానికి పైగా కనిపించేది. కాబట్టి ఇక్కడ చెప్పేవాటిలో చాలామటుకు నేను కళ్ళారా చూసినవే. ఒక్కచోట మాత్రం చూస్తూ ఊరుకోలేదు, తప్పు కూడా చేశాను. అదీ చెబుతాను.

యూనా క్వారీ మనుషుల్లో పుట్టలేదు. వాళ్ళ నాన్న క్లారీ పాస్కో ఏటిమొగలో ఆల్చిప్పలు పెంచేవాడు. మా కొండ కింద టాలో వాగు ఏట్లో కలిసి, ఆ ఏరు సముద్రంలో కలిసే చోట ఉండేవి వాళ్ళ తట్టలు. పన్నెండో ఏటినుంచీ యూనా ఆటుపోట్లు చూసుకుని పడవేసుకెళ్ళి తట్టలు తిరగేసి వచ్చేది. అన్న క్లెమ్‌కి పడవెక్కితే కడుపులో తిప్పేది. అయినా ముసలాయన మంచాన పడ్డాక పెంపకమంతా క్లెమ్ పేర రాశాడు. "ఆడపిల్ల చేతులు, ఎన్నాళ్ళని ఉప్పునీళ్ళలో నానుతాయి?" అన్నాడట.

"పదేళ్ళుగా నానినవి ఎవరి చేతులు నాన్నా?" అని అడిగిందట యూనా. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి సోమవారం ఆవిడ కార్బీ కొండెక్కి, దుమ్ము లేవకుండా రోడ్లు తడిపే నీళ్ళ లారీ నడపడానికి మనిషి కావాలా అని అడిగింది. ఆనాటి మేనేజర్ నవ్వాడు. "ఇక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదమ్మాయ్."

"కొండంత చోటుంది. నాకు చాలు," అంది యూనా.

అలా ఇరవైరెండో ఏట చేరింది. ఐదేళ్ళకి నీళ్ళ లారీ దిగి బుల్డోజర్ ఎక్కింది. అన్న మీద కసితోనే, అన్న నీళ్ళని పాడుచేసే క్వారీలో చేరిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. క్లెమ్ కూడా కొన్నాళ్ళు అదే నమ్మాడు.

నీళ్ళు పాడవడం మాత్రం నిజం. రాయితో వాగుకి ఏ బాధా లేదు. రాయిని అందుకోవాలంటే ముందు దాని మీదున్న మట్టంతా తీసి ఎక్కడో పొయ్యాలి. మా క్వారీలో దాన్ని దక్షిణం వైపు పోశారు, ముప్ఫై ఏళ్ళపాటు. అదొక గుట్ట అయింది. దాని మీద పరక మొలవలేదు, అందుకని బోడిగుట్ట అనేవాళ్ళం. వాన పడితే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు దాని మీంచి దిగొచ్చేవి. వాటిని ఆపడానికి కింద ఒక కుంట తవ్వారు. కాలవలన్నీ అందులోకే. మట్టి అడుగుకి దిగి, పైన నీళ్ళు తేరుకున్నాక, ఆ తేటనీళ్ళని వాగులోకి తోడాలి. మడ్డికుంట అని దాని పేరు. మా మట్టి మహా సన్నపు బంక, ఒక పట్టాన దిగదు. జిప్సం పొడి చల్లితే మూడు నాలుగు రోజులకి దిగుతుంది. అంత ఓపిక పట్టేవాళ్ళు తక్కువ.

గార్త్ మెలర్ మేనేజరుగా వచ్చేనాటికి యూనాకి యాభై దాటాయి. మెలర్ చెడ్డవాడు కాదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చేవాడు, ఎవరికైనా దెబ్బ తగిలితే తనే ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. కానీ పైవాళ్ళ ఫోనొస్తే ఆయనకి చెమటలు పట్టేవి. ఆ ఏడాది పర్యావరణ శాఖనుంచి ఉత్తరం వచ్చింది, జూన్‌లో శీతాకాలం వచ్చేలోగా బోడిగుట్ట మీద పచ్చదనం కనిపించాలని. మెలర్ ఎక్కడినుంచో ఒక పిచికారీ జట్టుని మాట్లాడాడు. గడ్డి విత్తనాలు, కాగితం గుజ్జు, జిగురు, ఆకుపచ్చ రంగు, అన్నీ కలిపి గొట్టంతో కొడతారు. కొట్టిన రోజే గుట్ట పచ్చగా అయిపోతుంది. అయితే గుట్ట నున్నగా ఉండాలి.

ఆ పని యూనాకి చెప్పాడు. టీ గదిలో అందరి ముందే చెప్పాడు.

"నున్నగా చేస్తే వాన నీళ్ళు ఎక్కడాగుతాయి గార్త్?" అంది యూనా బిస్కెట్టు టీలో ముంచుతూ.

"ఆగడమెందుకు? కిందకి పోతాయి, కుంటలోకి."

"ఒట్టి నీళ్ళే పోతాయా? నీ విత్తనాలు, నీ జిగురు, నీ రంగు, అన్నీ కలిసే పోతాయి. గుట్టని వాలుకి అడ్డంగా చీల్చాలి. ఇంత లోతు." మోచెయ్యి చూపించింది. "గతుకులుగతుకులుగా వదలాలి. ప్రతి పదిహేను అడుగులకీ ఒక గట్టు. నీళ్ళు నడుస్తూ దిగాలి, పరిగెత్తకూడదు."

"యూనా, నువ్వు బుల్డోజర్ డ్రైవరువి. ఇంజినీరువి కాదు."

"ఇంజినీరు ఎక్కడున్నాడు? చూపించు, ఆయన్నే అడుగుతాను."

ఎక్స్‌కవేటర్ నడిపే లిండ్సే డాబ్ టీ మింగలేక దగ్గాడు. లిండ్సేకీ ఆవిడకీ ఇరవై ఏళ్ళ స్నేహం, ఇరవై ఏళ్ళ పోట్లాట. మెలర్ ముఖం కందిపోయింది. "బల్లలా నున్నగా ఉండాలి. శుక్రవారానికి," అని వెళ్ళిపోయాడు.

యూనా వెళ్ళి బుల్డోజర్ ఎక్కింది. గుట్ట వెనక సగంనుంచి మొదలెట్టింది. యంత్రం వెనకుండే ఉక్కు కొమ్ములు దింపి, వాలుకి అడ్డంగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చీల్చుకుంటూ పోయింది. రెండు రోజులు అదే పని. మెలర్ ఏదో మీటింగుకి వెళ్ళి బుధవారం మధ్యాహ్నానికి వచ్చాడు. కారు దిగి గుట్ట చూసి టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నా కిటికీ మూసి ఉన్నా అరుపులు వినిపించాయి.

"బల్లలా ఉండాలన్నాను! ఇదేంటిది? మొసలి వీపులా చేసి పెట్టావు!"

"మొసలి వీపు మీద నీళ్ళు నిలుస్తాయి. నీ బల్ల మీద నిలవవు."

"దిగు. ఇప్పుడే దిగు. రేపట్నుంచి నీళ్ళ లారీ మీదకి పో. నువ్వు మొదలెట్టింది అక్కడేగా!"

"పోతాను. దానికీ స్టీరింగు ఉంది," అంటూ దిగింది యూనా.

ముందు సగాన్ని బయటినుంచి వచ్చిన మరో డ్రైవర్ నున్నగా చేశాడు. శుక్రవారం పిచికారీవాళ్ళొచ్చి దానికి పచ్చరంగు కొట్టి పోయారు. వెనక సగం సరిచెయ్యడానికి టైము లేక అలాగే వదిలేశారు. రోడ్డు మీద పోయేవాళ్ళకి కనిపించేది ముందు సగమే గనక మెలర్ కూడా పట్టించుకోలేదు. ఇంతలో ఎవరికీ చెప్పకుండా యూనా వెనక సగం గతుకుల్లో ఓట్స్ గింజలు చల్లింది, తన ఇంటి కోళ్ళ కోసం తెచ్చిన బస్తాలోంచి తీసి. ఆ సంగతి అవి మొలిచాక తెలిసింది.

నాలుగు వారాలకి వాన పట్టుకుంది.

మా తీరంలో మార్చి వానలు మామూలే. అయితే ఆ వాన మంగళవారం మధ్యాహ్నం మొదలై శుక్రవారం పొద్దున ఆగింది. లారీలు రాలేదు. కాటా గదిలో ఒంటరిగా కూర్చుని గుట్టవైపే చూశాను. బుధవారం పదింటికి ముందు సగం మీద సన్నటి గీతలు కనిపించాయి, పిల్లి గీరినట్టు. పన్నెండింటికి అవి జానెడయ్యాయి. సాయంత్రానికి మనిషి దిగితే మోకాళ్ళ దాకా వచ్చే గండ్లు పడ్డాయి. అప్పుడే వేళ్ళు దిగుతున్న గడ్డి చాపలు చాపలుగా జారి, ఎర్రమట్టితో కలిసి కుంటలోకి పోయింది. వెనక సగంలో గతుకు గతుకులోనూ నీళ్ళు నిలబడ్డాయి. ఓట్స్ మొలకలు ఆ నీళ్ళలో తలలు పైకెత్తుకుని ఉన్నాయి.

అక్కడ అంతా బాగుందని అనను. గురువారం వెనక సగంలో అన్నిటికంటే కింది గట్టు తెగింది. ఆ గట్టు ఒక చోట బెత్తెడు పల్లంగా ఉందట. నీళ్ళన్నీ అక్కడికే చేరి కోసేశాయి. యూనా గొడుగు లేకుండా వెళ్ళి ఆ తెగిన చోట నిలబడి చాలాసేపు చూసింది. తిరిగొచ్చి నా గదిలో బూట్లు విప్పి నీళ్ళు ఒంపుతూ, "మట్టం సరిగా చూసుకోలేదు వెర్నా. కోపంగా ఉన్నప్పుడు గట్టు కట్టకూడదు," అంది.

శుక్రవారం ఎండొచ్చింది. క్వారీ గొయ్యి చెరువైపోయింది. మడ్డికుంట అంచుదాకా నిండింది. రాయి తియ్యాలంటే గొయ్యిలో నీళ్ళు తోడాలి. కుంటలో చోటు లేదు. ఊళ్ళో వంతెన పని మీదున్న కాంక్రీటువాళ్ళు కంకర కోసం గంటకోసారి ఫోను చేస్తున్నారు. మెలర్ నిద్రలేని కళ్ళతో వచ్చి, గొయ్యి నీళ్ళని తిన్నగా వాగులోకి తోడెయ్యమన్నాడు. నీళ్ళ లారీతో పాటు పంపు పనీ యూనాదే.

గొయ్యి అంచున పంపు. దాని పక్కన యూనా. తాళంచెవి ఆవిడ జేబులో.

"తోడను," అంది.

"ఏమిటి తోడవు?"

"చూడు దాన్ని. నీళ్ళా అది? గోడకి పూసుకోవచ్చు. ముందు కుంటలో జిప్సం వేద్దాం. నీళ్ళు తేరాక కుంటని వాగులోకి, గొయ్యిని కుంటలోకి తోడదాం. సోమవారానికి నీ గొయ్యి ఖాళీ."

"సోమవారం దాకా ఆగితే వంతెనవాళ్ళు ఇంకో క్వారీకి పోతారు. ఏరంతా ఎర్రగానే ఉంది యూనా! పైనున్న పొలాలన్నీ కొట్టుకొచ్చాయి. మన చెంబుడు నీళ్ళు కలిస్తే ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"తాళం ఇవ్వు."

"ఇవ్వను."

"ఉద్యోగం పోతుంది."

"నా చేతులు నానవన్నాడు మా నాన్న. ఆయన మాటే చెల్లలేదు నా దగ్గర. నీ మాట చెల్లుతుందా?" అని భోజనం డబ్బా తీసి, పంపు మీద కూర్చుని, మాంసం ముక్కలు పెట్టిన రొట్టె తినడం మొదలెట్టింది. కాసేపటికి లిండ్సే ఒక మడత కుర్చీ తెచ్చి పక్కన వేశాడు.

"ఇనప ముక్క మీద కూర్చుంటే మూలశంక వస్తుందే ముసలిదానా. ఇందులో కూర్చో."

"నువ్వూ కూర్చోరాదూ?"

"నాకు ఇంటి అప్పుంది," అని తన యంత్రం దగ్గరికి పోయాడు. ఆ రోజు ఆవిడ పక్కన నిలబడినవాళ్ళు ఎవరూ లేరు. అందరం దూరంనుంచి చూశాం.

మెలర్ తిన్నగా నా దగ్గరికొచ్చాడు. పంపు రెండో తాళంచెవి నా సొరుగులో ఉంటుంది. "వెర్నా, తాళం," అని చెయ్యి చాపాడు. లేదని చెప్పొచ్చు. కనపడట్లేదనొచ్చు. నాకు ఇద్దరు పిల్లలు, మొగుడు వదిలేసి రెండేళ్ళు. సొరుగు తీసి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఆయన ముఖం కూడా చూడలేదు.

మెలర్ వెళ్ళి పంపు స్టార్ట్ చేశాడు. యూనా పక్కకి జరిగి దారిచ్చింది. పంపు గర్రుమంది. నిమిషమైంది, రెండు నిమిషాలయ్యాయి, నీళ్ళు రాలేదు. గొట్టం మూతిలో గాలి పోతున్న చప్పుడు. మెలర్ గొట్టం వెంట నడిచి గొయ్యి అంచుకెళ్ళి చూశాడు. నీళ్ళలో ఉండాల్సిన కొస లేదు. మెలర్ పంపు దగ్గరికి రాకముందే ఆవిడ ఆ కొసని ఊడదీసి, నీళ్ళ లారీ వెనకేసి, లారీని క్వారీకి అవతలి చివర పెట్టి వచ్చింది. పంపు కాలిపోతుందేమోనని మెలరే పరిగెత్తుకొచ్చి ఆపాడు. దూరంగా లిండ్సే యంత్రం హారను రెండుసార్లు మోగింది. పొరపాటున చెయ్యి తగిలిందని తర్వాత చెప్పుకున్నాడు.

మెలర్ నవ్వుతాడో ఏడుస్తాడో తెలియని ముఖంతో నిలబడ్డాడు. ఇంకో పంపు తెప్పించే ఓపిక ఆయనకి లేకపోయింది. "వెయ్యి," అన్నాడు చివరికి. "నీ జిప్సం వేసి చావు. ఆ తర్వాత ఇంటికి పో. నేను పిలిచేదాకా రావద్దు."

ఆవిడ ఆ సాయంత్రం దాకా బస్తాలు కోసి కుంట మీద చల్లింది. ఇంటికెళ్ళేముందు నా గదికొచ్చింది. నేను తలొంచుకున్నాను.

"తాళం నేనే ఇచ్చాను యూనా."

"తెలుసు. మంచిపనే చేశావు. నీ ఉద్యోగం కూడా పోతే నాకు టీ ఎవరిస్తారు?" అని మగ్గు ముందుకు తోసింది. ఇన్నేళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలిగ్గా ఉండేదేమో.

సోమవారానికి కుంట నీళ్ళు తేరుకున్నాయి. తెల్ల పళ్ళెం మోచేతి లోతుకి దించితే దాని అంచు కనిపించింది. అప్పుడు తోడారు. వంతెనవాళ్ళు అన్నట్టే ఇంకో క్వారీకి పోయారు. ఏటిమొగలో ఆల్చిప్పల అమ్మకం ఎలాగూ ఆరు వారాలు ఆపేశారు, ఎందుకంటే మెలర్ అన్నట్టే ఏరంతా ఎర్రగా ఉంది. క్లెమ్ చెల్లెలి ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడి ఎత్తిపొడిచాడు. "ఉద్యోగం పోగొట్టుకుని ఏం ఉద్ధరించావు? నా ఆల్చిప్పలు తట్టల్లోనే చచ్చాయి."

"నీ ఆల్చిప్పల కోసం చేశాననుకుంటున్నావా? నీ మొహం. మా మట్టి మా కొండ దాటకూడదని చేశాను. పైవాళ్ళ మట్టి గురించి పైవాళ్ళని అడుగు. లోపలికి రా, టీ తాగి పో."

క్లెమ్ లోపలికి వెళ్ళాడు. పదకొండేళ్ళ తర్వాత వెళ్ళడం అదే.

ఇన్‌స్పెక్టర్ పర్యావరణ శాఖనుంచి మూడో వారంలో వచ్చాడు. ముందు సగం గండ్లు, వెనక సగం ఓట్స్ పచ్చదనం, రెండూ పక్కపక్కనే. ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. వెనక సగం ఎవరు చేశారని అడిగితే మెలర్ నిజం చెప్పాడు, ఆ గొప్పతనం ఆయనకి ఇవ్వాలి. యూనాకి ఫోను చేసి పిలిపించారు. వస్తూనే ఆవిడ ఇన్‌స్పెక్టర్ని తెగిన గట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. "దీన్ని కూడా రాసుకోండి. ఇది నా తప్పు. ఇక్కడినుంచీ మట్టి పోయింది."

ఆయన రాసుకున్నాడు. రెండు తప్పులకీ కలిపే కంపెనీకి తాఖీదు వచ్చింది. పైవాళ్ళు మెలర్ని చివాట్లు పెట్టారు, మెలర్ యూనాని పిలిచి, "ఆ గుట్ట నీది. మొత్తం నీదే. మొలిపించు చూద్దాం," అన్నాడు. బహుమతిగా ఇవ్వలేదు, శిక్షగానే ఇచ్చాడు. యూనా మాత్రం దాన్ని ఆస్తిలా తీసుకుంది.

మొదట ముందు సగాన్ని కూడా చీల్చింది. ఈసారి మట్టం కొలిచే గొట్టం పట్టుకుని లిండ్సేని అటు చివర నిలబెట్టి, ఒక్కో గట్టుకీ రెండేసిసార్లు చూసుకుంది. పైమట్టి కావాల్సి వచ్చింది. ఎప్పుడో తీసిన పైమట్టి క్వారీ మూల కుప్పగా పోసి ఉంది, రెండంతస్తుల ఎత్తు. పదేళ్ళుగా అలా పడి ఉన్న మట్టి లోపలంతా చచ్చిపోయిందని పరిచాక తెలిసింది. వాసన కూడా రాలేదు దానికి. మొదటి ఏడాది అందులోంచి కలుపు తప్ప ఏమీ రాలేదు. యూనా వంగి ఆ కలుపు పీకింది, ఒక వేసవంతా.

ఆ తర్వాత విత్తనాలు. కొండ అవతలి వైపు అడవిలో వాటిల్ చెట్లున్నాయి. తుమ్మకి చుట్టాలు, పసుపు బంతుల్లాంటి పూలు. నవంబరులో కాయలు ఎండగానే సంచులు పట్టుకుని వెళ్ళి దులుపుకొచ్చేది. ఆ గింజల తొక్క రాయిలాంటిది. అడవి తగలబడితే గానీ పగలదు. అడవిని తగలబెట్టలేం కాబట్టి మరుగుతున్న నీళ్ళు పొయ్యాలి. ఆవిడ టీ గదిలో ఉన్న పెద్ద టీ కూజాలోనే గింజలు పోసి మరుగునీళ్ళు పోసింది. పది గంటలకి పనివాళ్ళొచ్చి కప్పుల్లో ఒంపుకున్నారు.

"ఇదేం టీ? తుప్పు కంపు!" అని ఉమ్మేశాడు లిండ్సే.

"తాగకపోయావా, కడుపులో చెట్టు మొలిచేది. ఆ బోడితలకి కాస్త నీడైనా ఉండేది."

మర్నాటినుంచి ఆ కూజా యూనాదైపోయింది. మాకు కొత్త కూజా కొన్నారు.

మొక్కలు వేలెడు ఎదిగేసరికి అడవిలోంచి బుల్లి కంగారూలొచ్చి కొరుక్కుపోయేవి. కంచె వెయ్యమంటే కంపెనీ వెయ్యలేదు. యూనా రోడ్డు పక్క కొట్టేసిన చెట్ల కొమ్మలు లారీతో తెచ్చి గుట్టంతా పరిచింది. ముళ్ళకంపలో మూతి పెట్టడానికి కంగారూలకి బద్ధకం. పైగా ఆ కొమ్మలకున్న కాయలే పగిలి గింజలు రాల్చాయి. అదంతా ముందే తెలుసా అని అడిగితే, "సగం తెలుసు. మిగతా సగం తెలిసినట్టు నటించాను," అంది. మూడో ఏడు కరువొచ్చి మూడొంతులు ఎండిపోయాయి. మళ్ళీ నాటింది. వాగు పక్క సరుగుడు, పైన వాటిల్, వాటి నీడలో జామాయిల్ జాతులు. ఆరో ఏటికి గుట్ట మీద పక్షులు వాలాయి. ఎనిమిదో ఏటికి వాన పడినా గుట్టనుంచి కుంటలోకి వచ్చే నీళ్ళు టీ రంగులో ఉండేవి, ఆకుల రంగు. మేం బోడిగుట్ట అనే పిలుస్తూ ఉండేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పేరెందుకో అర్థమయ్యేది కాదు.

మెలర్ బదిలీ అయిపోయాడు. యూనా అరవైనాలుగో ఏట రిటైరైంది. రెండేళ్ళు తిరక్కుండానే కబురొచ్చింది. గుట్ట ఉత్తరం కొస కింద మంచి నల్లరాయి ఉందట, అటువైపు క్వారీని పెంచుతారట.

ఊరి హాలులో సభ పెట్టారు. కొత్త మేనేజర్ ఇంగ్రిడ్ హోల్ట్ పటాలు చూపించి నెమ్మదిగా చెప్పింది. యూనా లేచింది.

"ఆ గుట్ట మీద ఎన్ని చెట్లున్నాయో మీ పటంలో ఉందా?"

"అంచనా ఉంది మిసెస్ పాస్కో."

"మిసెస్ కాదు, నన్నెవరూ చేసుకోలేదు. అంచనా కాదు, నేను లెక్క చెబుతాను, రాసుకోండి. నాటినవి పదకొండు వేలు. బతికినవి నాలుగు వేల చిల్లర. ఇరవై ఎకరాల్లో మూడెకరాలు తీస్తామంటున్నారు. ముప్ఫై ఏళ్ళు మీరు పాడుచేసినదాన్ని పదమూడేళ్ళు నేను బాగుచేశాను. బాగుచేసింది మళ్ళీ పాడుచెయ్యడానికి కాదు."

చప్పట్లు కొట్టారు. క్లెమ్ కూడా కొట్టాడు. అయినా అనుమతి వచ్చేసింది. రోడ్లకి రాయి కావాలి, రాయి అక్కడుంది. అనుమతి ఉత్తరం అందిన రోజు నేను ఆవిడ ఇంటికెళ్తే వంటగదిలో బల్ల మీద దాన్ని పరిచి, ఎర్ర పెన్సిలుతో గీతలు పెడుతోంది.

"ఏడుస్తావేమో అనుకున్నాను," అన్నాను.

"ఏడిస్తే మట్టి తడుస్తుంది గానీ కదలదు. ఇక్కడ చూడు. 'పైమట్టిని భద్రపరచవలెను' అని రాశారు. భద్రపరచడమంటే కుప్పపొయ్యడమేగా వాళ్ళకి? మళ్ళీ చంపుతారు. పద."

తిన్నగా ఇంగ్రిడ్ ఆఫీసుకి వెళ్ళాం. యూనా కూర్చోలేదు.

"చెట్లు కొడతారు, సరే. ఆ మూడెకరాల పైమట్టి ఒక్క గంపెడు కూడా కుప్ప పొయ్యకూడదు. తీసిన రోజే తీసుకెళ్ళి, రాయి తీసేసిన పడమటి మెట్టు ఉందే, ఆ పడమటి బెంచీ మీద పరవాలి. ఆ మట్టిలో పదేళ్ళ గింజలున్నాయి, బతికున్నాయి. కుప్ప పోస్తే ఆర్నెల్లలో చస్తాయి."

"రెండు పనులు ఒకేసారంటే లారీలు చాలవు," అంది ఇంగ్రిడ్.

"చాలేదాకా చెట్లు కొట్టొద్దు."

"మీరిప్పుడు ఇక్కడ పనిచెయ్యడం లేదు మిస్ పాస్కో."

"అందుకే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాననడానికి లేదు నీకు. రోజూ వస్తాను. గేటు దగ్గర కూర్చుంటాను. కుర్చీ ఉంది నా దగ్గర."

ఇంగ్రిడ్ కాగితాలు పక్కకి నెట్టి, "సరే. లైసెన్సు ఇప్పుడు లేదు కాబట్టి యంత్రం మాత్రం ముట్టుకోరు," అంది.

"ముట్టుకోను. నడుస్తాను."

ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు నడిచింది. తలకి ఇనప టోపీ, చేతిలో కర్ర. బుల్డోజర్‌కి ఇరవై అడుగుల ముందు నడుస్తూ ఎంత లోతు తియ్యాలో కర్రతో చూపించేది. జానెడు. అంతకంటే లోతు పోతే కర్రతో బ్లేడు మీద కొట్టేది. తన చెట్లు పడుతుంటే అటు చూడలేదు. పడ్డాక మాత్రం కొమ్మలన్నీ పడమటి బెంచీ మీదకే తోలించింది. మొదటి రోజు సాయంత్రం ఒక లారీ డ్రైవర్ టైమైపోయిందని మట్టిని దారి పక్కనే కుమ్మరించబోతే, ఆవిడ వెళ్ళి లారీ వెనక నిలబడింది.

"పొయ్యి నాయనా, నా నెత్తిన పొయ్యి. పరిచినట్టే ఉంటుంది."

అతను తిట్టుకుంటూ బెంచీ దాకా తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఎవరూ దారిలో పొయ్యలేదు.

సెప్టెంబరులో పడమటి బెంచీ మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక అడుగు చదరంలో మొలకలు లెక్కపెట్టాం. నాకు ముప్ఫైరెండు వచ్చాయి, ఆవిడకి ముప్ఫైనాలుగు. వాటిల్‌తో పాటు మేం ఎన్నడూ నాటనివి కూడా ఉన్నాయి, పక్షులు తెచ్చినవి కాబోలు. ఆవిడ సంతోషించింది గానీ ఎక్కువసేపు కాదు. కింది కాలవ మలుపులో కంకర సరిగా పరవలేదని, పెద్ద వాన వస్తే అక్కడ కోత పడుతుందని గొణుక్కుంటూ ఫొటోలు తీసింది. మొన్న గురువారం నేను వెళ్ళేసరికి అదే విషయం మీద ఫోనులో ఇంగ్రిడ్‌తో గొడవ పడుతోంది. ఇంగ్రిడ్ వచ్చే వారం చేయిస్తానంటోంది. రేపు కావాలంటుంది ఈవిడ. నేను స్టవ్ మీద నీళ్ళు పెట్టుకుని, ఆ గొడవ తేలేదాకా కూర్చున్నాను. చివరికి సోమవారం చేయించేట్టు తేలింది.